మీరాబీ గారి ఖర్జూరాల డబ్బా

ఆ ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికి నా చెప్పులు నా కాళ్ళకి పట్టలేదు. మా చర్చిలో చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్తాం. రెండు గంటల క్రితం హాయిగా విడిచిన చెప్పులే అవి. అయినా నాకు నా కాళ్ళ మీద అనుమానం రాలేదు, పక్కవాళ్ళ మీద వచ్చింది. అదే రంగు, అదే రకం చెప్పులతో ఎస్తేరమ్మ గారు మెట్లు దిగుతుంటే ఆపేశాను.

"మీరు నావి వేసుకున్నారండి. ఒకసారి చూసుకోండి."

"నావేనమ్మా. ఏడాది నుంచి ఇవే వేసుకుంటున్నాను."

"నా చెప్పులు నాకు తెలియవా అండి?"

ఎస్తేరమ్మ గారు రిటైరైన నర్సు. నాతో వాదించలేదు. నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, నా పాదం మీద బొటనవేలితో గట్టిగా నొక్కారు. వేలు తీశాక అక్కడ గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు. "చెప్పుల సంగతి తరవాత చూద్దాం సునందా. రేపు పొద్దున్నే వెళ్ళి రక్తపరీక్ష చేయించుకో" అన్నారు. నలుగురి ముందూ పరువు పోయిందని చెప్పులు చేత్తో పట్టుకుని ఆటో ఎక్కాను. ఇంటికి వచ్చి చూస్తే అవి నావే. మడమ దగ్గర నేను వేయించుకున్న కుట్టు అలాగే ఉంది.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా జబ్బులో కిడ్నీల పాత్ర ఎంతుందో నా ఈ బుద్ధి పాత్ర కూడా అంతే ఉంది.

నా పేరు మేరీ సునంద. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. రాజమండ్రి నుంచి రోజూ వెళ్ళొస్తుంటాను. మా ఆయన దానియేలు గారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన ఒక మాట అనేలోపు నేను నాలుగు అంటాను. కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేను. ఆఫీసులో ఫైలు కదలకపోతే ఫైలుతోపాటు నేనే బల్ల బల్లకీ తిరిగేదాన్ని. అలాంటిదాన్ని తీసుకెళ్ళి వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు, చెయ్యి కదపకుండా పడుకోమన్నారు.

మర్నాడు పరీక్షలో క్రియాటినిన్ తొమ్మిది దాటింది. అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ బాగా కుంచించుకుపోయాయని తేలింది. నెఫ్రాలజిస్టు గారు రిపోర్టు మీంచి తల ఎత్తకుండానే అడిగారు.

"బీపీ ఎన్నాళ్ళ నుంచండి?"

"ఎప్పుడో ఉందన్నారు సార్. బిళ్ళలు అప్పుడప్పుడూ వేసుకుంటాను."

"అప్పుడప్పుడా? మరి పెయిన్ కిల్లర్స్?"

"మోకాళ్ళ నొప్పులకి సార్. అవి మాత్రం రోజూ."

ఆయన అప్పుడు తల ఎత్తి చూశారు. "సీకేడీ, స్టేజ్ ఫైవ్. కిడ్నీ జబ్బులో ఆఖరి దశ. డయాలసిస్ మొదలుపెట్టాలి మేడమ్. ఆలోచించుకుని చెప్తామనే టైమ్ దాటిపోయింది." పక్కన మా ఆయన ముఖం తెల్లబోయింది. నేను మాత్రం ల్యాబువాళ్ళు శాంపిళ్ళు మార్చేసి ఉంటారని అన్నాను. మళ్ళీ చేయించారు. తొమ్మిది కాస్తా తొమ్మిదిన్నర అయింది.

ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేశారు. రక్తనాళాలు రెండిటిని కలిపి కుడతారు, సూదులు గుచ్చడానికి దారి ఏర్పడుతుంది. అది పక్వానికి వచ్చేదాకా మెడలో క్యాథెటర్ గొట్టం. తరవాత మంగళ, గురు, శనివారాలు, పొద్దున ఆరు నుంచి పది దాకా డయాలసిస్. రోజంతా కలిపి ముప్పావు లీటరు మించి నీళ్ళు తాగకూడదన్నారు. డెల్టా కాలవలన్నిటికీ ఎన్ని క్యూసెక్కులు వదిలారో రిజిస్టరులో ఎక్కించేదాన్ని, ఇంట్లో చిన్న సీసాకి గీతలు పెట్టుకుని గుక్కలు కొలుచుకున్నాను. డైటీషియన్ ఒక కాగితం ఇచ్చింది. పొటాషియం ఎక్కువ ఉన్నవి ముట్టుకోకూడదు, అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. అరటిపండు వద్దు, పళ్ళరసాలు వద్దు, ఖర్జూరం వద్దు. అన్నిటికన్నా పైన, ఎర్ర సిరాతో, కొబ్బరి నీళ్ళు.

వీటన్నిటినీ మించింది కాళ్ళ బాధ. పడుకుంటే చాలు, పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టుండేది. ఊపితే తప్ప తగ్గదు, ఊపితే సూది కదులుతుంది, సూది కదిలితే మెషిన్ కూస్తుంది. "రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు మేడమ్, డయాలసిస్ వాళ్ళకి మామూలే" అన్నారు డాక్టరు గారు. ఆ మామూలే అన్న మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంట చల్లార్చుకోవడానికి నేను లోగొంతుతో కీర్తనలు పాడుకునేదాన్ని. మూడో రోజున పక్క బెడ్డు మీంచి ఒక గొంతు వినపడింది. "అమ్మా, పాట కాసేపు ఆపుతావా? నా జపం లెక్క తప్పుతోంది."

చూస్తే అరవై దాటినావిడ. తలమీద ముసుగు, సూదుల్లేని చేతిలో జపమాల, మెడదాకా దుప్పటి. పేరు మీరాబీ. భర్త హుస్సేన్ గారు పరుపులు, దిండ్లు కుడతారు. ఆవిడ కూడా కిడ్నీలు పోయేదాకా ఆయన పక్కనే కూర్చుని దూది నింపినావిడే.

"లెక్క తప్పితే దేవుడు ఊరుకోడా అండి?" అన్నాను.

"ఊరుకుంటాడమ్మా. నేనే ఊరుకోలేను." అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది, కానీ పాట ఆపలేదు. చివరికి మొదటి రెండు గంటలు ఆవిడకి, తరవాతి రెండు నాకు అని ఒప్పందం కుదిరింది.

ఒకసారి అక్కడి నర్సు సిస్టర్ దుర్గ సూది సరిగ్గా గుచ్చలేదని నేను ఆ పిల్ల మీద అరుస్తుంటే మీరాబీ గారు అందుకున్నారు. "మా మరియమ్మ పేరు పెట్టుకుని ఇంత కోపమేంటమ్మా నీకు?"

"మీ మరియమ్మేంటండి? మా మరియమ్మ."

"మాకూ ఆవిడే. మా గ్రంథంలో ఆవిడ పేరు మీద ఒక అధ్యాయమే ఉంది. నా కూతురు పేరు కూడా మరియమే."

నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఆదివారం బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఆ సంగతి నాకు తెలియదు. ఆ తరవాత డయాలసిస్ ఉన్న రోజల్లా ఒక్కొక్కటి బయటికి వచ్చేది. గబ్రియేలు దూత వాళ్ళకి జిబ్రయీల్. అబ్రాహాము, మోషే వాళ్ళకీ ఉన్నారు. తీర్పు దినం ఉంది. యేసు వాళ్ళకి ఈసా, ఆయన మళ్ళీ వస్తాడని వాళ్ళూ ఎదురుచూస్తున్నారు. ఆయన దేవుని కుమారుడనీ, సిలువ మీద చనిపోయాడనీ నేనంటే మాత్రం ఆవిడ ఒప్పుకునేవారు కాదు. ఆయన పెద్ద ప్రవక్త, అంతే. అక్కడికి వచ్చేసరికి ఆవిడ మెషిన్ వైపు చూసేవారు, నేను ఫ్యాను వైపు చూసేదాన్ని. కాసేపయ్యాక ఎవరో ఒకరం కూర సంగతి ఎత్తేవాళ్ళం.

ఒక శనివారం నన్ను చూడ్డానికి ఎవరూ రావడం లేదని విసుక్కుంటున్నాను. మొదటి నెల వరస కట్టిన బంధువులు తరవాత ఫోన్లతో సరిపెట్టారు. మీరాబీ గారు అన్నారు, "మా ఇమాం గారు చెప్పేవారు. తీర్పు రోజున దేవుడు అడుగుతాడట, నేను జబ్బుపడితే నువ్వు చూడ్డానికి రాలేదేం అని. నువ్వు జబ్బుపడ్డమేంటి ప్రభూ అంటే, ఫలానావాడు మంచాన పడితే నువ్వు వెళ్ళలేదు, వెళ్ళుంటే అక్కడ నేను ఉండేవాడిని కదా అంటాడట."

"అది మాది!" అని లేచి కూర్చోబోయాను. మెషిన్ కూసింది. సిస్టర్ దుర్గ పరిగెత్తుకొచ్చి నన్ను మళ్ళీ పడుకోబెట్టింది.

"మీదెలా అవుతుందమ్మా? మాకు చిన్నప్పట్నుంచీ చెబుతున్నారు."

"మాక్కూడా చిన్నప్పట్నుంచే అండి. రోగిగా ఉన్నాను, మీరు నన్ను చూడ వచ్చారు అని ప్రభువే అంటాడు."

"మంచిదే కదా. ఇద్దరికీ చెప్పాడంటే మరీ మరీ చెప్పాడన్నమాట. దానికి కొట్టుకోవడమెందుకు?"

ఇంకొక మాట కూడా ఆ రోజుల్లోనే అన్నారు. దేవుడి విషయంలో చేసిన తప్పు దేవుడు క్షమిస్తాడు గానీ, మనిషికి చేసిన తప్పు ఆ మనిషి క్షమిస్తేనే తీరుతుందని. మాకూ ఉందండీ, బలిపీఠం దాకా వెళ్ళినా కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి నీ సహోదరుడితో సమాధానపడు అని మాకు చెప్పారు, అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ ఏడాది ఈస్టర్‌కి ముందు మేం ఉపవాసముండే నలభై శ్రమదినాలూ, వాళ్ళ రంజాన్ నెలా ఒకే వారంలో మొదలయ్యాయి. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారు ఇద్దరి మంచాల మధ్య నిలబడి చెప్పారు. "మీరాబీ గారూ, రోజా వద్దు. సునంద గారూ, మీకూ అంతే. మీ ఒంటికి ఫాస్టింగ్ పనికిరాదు. నీళ్ళు, తిండి, మందులు, అన్నీ నేను చెప్పిన టైముకే."

ఆయన వెళ్ళాక మీరాబీ గారు ముసుగు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. పన్నెండో ఏట నుంచి ఒక్క రోజా తప్పలేదట. తరవాత తనే సర్దుకున్నారు. జబ్బు మనిషికి దేవుడు మినహాయింపు ఇచ్చాడు, రోజుకి ఒక పేదకి అన్నం పెడితే చాలన్నాడు, ఆయన ఇచ్చిన సెలవు తీసుకోకపోవడం కూడా పొగరేనమ్మా అన్నారు. మసీదు పక్కనుండే ఒక ముసలావిడకి రోజూ అన్నం పంపించే ఏర్పాటు చేశారు.

నాకు ఆ పొగరు ఉంది. ప్రార్థన కూటంలో ఒకావిడ, నలభై రోజుల ఉపవాసంతో తన గడ్డ కరిగిపోయిందని సాక్ష్యం చెప్పింది. అది విన్నప్పట్నుంచీ నా కాళ్ళకి తోడు మనసు కూడా ఊగడం మొదలుపెట్టింది. నేను కూడా దేవుడితో బేరం పెట్టుకున్నాను. నలభై రోజులు చేస్తాను, నా కిడ్నీలు నాకు ఇచ్చెయ్యి. పాస్టరు గారు చేయమనలేదు. చెబితే ఆయనే వద్దనేవారు, అందుకే చెప్పలేదు. మా ఆయనకి ఆఫీసులో తిన్నానని చెప్పాను, ఆఫీసులో ఇంట్లో తిని వచ్చానని చెప్పాను. ఉపవాసం రహస్యంగా చేయమని ప్రభువు చెప్పాడు కదా అని, ఆ మాటని నా అబద్ధానికి అడ్డం పెట్టుకున్నాను.

పొద్దున లేచింది మొదలు సాయంత్రం దాకా చుక్క నీరు లేదు. సాయంత్రం ఆఫీసు ఎదురుగా బండి దగ్గర ఒక కొబ్బరి బొండాం. మా చర్చిలో ఉపవాస ప్రార్థన అయ్యాక అందరికీ కొబ్బరి నీళ్ళే ఇస్తారు. చిన్నప్పట్నుంచీ అలా విడిచిందే ఉపవాసం నాకు. డైటు కాగితం మీద ఎర్ర సిరా గుర్తుండే ఉంది. దేవుడి కోసం చేసే పని చెడు చేయదనుకున్నాను. పైగా రోజంతా నీళ్ళు తాగకపోవడంతో డయాలసిస్‌కి వెళ్ళేసరికి ఒంట్లో నీటి బరువు పెద్దగా పెరిగేది కాదు. "ఫ్లూయిడ్ కంట్రోల్ సూపర్ మేడమ్" అని సిస్టర్ దుర్గ మెచ్చుకుంటే దేవుడే మెచ్చుకున్నట్టు పొంగిపోయాను.

రెండు వారాలు గడిచాయి. ఆ శనివారం మీరాబీ గారు అరకేజీ ఖర్జూరాల డబ్బా ఒకటి నా సంచిలో పెట్టించారు. "మీ ఆఫీసువాళ్ళకి పంచు సునందమ్మా. నువ్వు మాత్రం ఒక్కటి కూడా నోట్లో వేసుకోకు" అన్నారు. సోమవారం ఆఫీసులో తలా నాలుగు ఇచ్చేశాను. నేను ముట్టుకోలేదు. ఆ సాయంత్రం ఎండ మండిపోతోంది, నాలుక పిడచకట్టుకుపోయింది. ఒక బొండాం సరిపోలేదు, ఇంకొకటి కొట్టించాను.

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుంటే కాళ్ళు ఊగడం మానేశాయి. ఎన్నో నెలల తరవాత అవి ఊరుకున్నాయి. ప్రార్థన ఫలించిందనుకున్నాను, నిజం చెబుతున్నాను, ఆనందంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేవబోయాను, లేవలేకపోయాను. కాళ్ళు నావి కానట్టే ఉన్నాయి. గుండె ఒకసారి కొట్టుకుని, మళ్ళీ కొట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. మా ఆయన్ని పిలిస్తే గొంతు సరిగ్గా రాలేదు.

ఎమర్జెన్సీలో ఈసీజీ కాగితం చూసి డాక్టరు గారు గట్టిగా అరిచారు. "టాల్ టీ వేవ్స్. పొటాషియం ఎయిట్ దాకా ఉంటుంది. కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించండి. డయాలసిస్‌కి రెడీ చేయండి, ఇప్పుడే." తరవాత నావైపు వంగి, "మేడమ్, ఏం తిన్నారు? ఏం తాగారు? కరెక్టుగా చెప్పండి" అన్నారు.

మా ఆయన నా సంచి తెచ్చారు. అందులో ఖాళీ డబ్బా ఉంది. "ఖర్జూరాలు సార్. పక్క బెడ్డావిడ ఇచ్చింది. సునందా, ఇవే కదా తిన్నావు?"

"డబ్బా మొత్తమా?" అన్నారు డాక్టరు గారు.

నేను తల ఊపాను.

నోరు పెగలక కాదు, చెప్పగలను. చెబితే ఉపవాసం బయటపడుతుంది, రెండు వారాల అబద్ధాలు బయటపడతాయి, నా బేరం బయటపడుతుంది. అక్కడ డబ్బా కనిపించింది, దాని మీదికి తోసేశాను. చర్చి మెట్ల మీద చేసిన పనే మళ్ళీ చేశాను.

బతికాను. మీరాబీ గారికి ఏమైందో చెబుతాను. మా ఆయన, నెమ్మదస్తుడని పేరున్న మనిషి, వరండాలో హుస్సేన్ గారిని పట్టుకుని, మీ ఆవిడ నా భార్యని చంపబోయింది అన్నారు. డయాలసిస్ గదిలో ఎవరూ ఎవరికీ తినేవి ఇవ్వకూడదని నోటీసు అంటించారు, అదీ ఆవిడ బెడ్డు పైన. మూడో బెడ్డు కాంట్రాక్టరు గారు, "వాళ్ళు పెట్టినవి తింటే ఇంతే మరి" అన్నారు. వాళ్ళు అన్న మాటని ఆయన నొక్కిన తీరు గదిలో అందరికీ అర్థమైంది. నేను పక్కనే పడుకుని ఉన్నాను, కళ్ళు మూసుకున్నాను. మీరాబీ గారిని మధ్యాహ్నం షిఫ్టుకి మార్చేశారు. వెళ్ళేముందు సిస్టర్ దుర్గతో చెప్పి పంపారు, "తినొద్దని గట్టిగా చెప్పాల్సింది, తప్పు నాదే, సునందమ్మని క్షమించమని అడుగు" అని.

అప్పట్నుంచీ నా ఒళ్ళు నాది కాదు. కాళ్ళ బాధకి మందు మార్చారు, ఐరన్ తక్కువుందని ఇంజెక్షన్లు ఇచ్చారు. తగ్గలేదు. ఆఫీసులో కూర్చుంటే లేచి తిరిగేదాన్ని, తిరిగితే కూర్చోవాలనిపించేది. పక్క బెడ్డు మీదికి వచ్చిన కొత్తాయన ఎప్పుడూ నిద్రపోతుండేవాడు. నాలుగు గంటలూ నావే, పాట మాత్రం రాలేదు. రంజాన్ పండగ వచ్చింది, వెళ్ళింది. ఫోను తీసి మీరాబీ గారి నంబరు చూసి పెట్టేసేదాన్ని.

ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు మా చర్చిలో ప్రభు సంస్కారం కూడా ఉంది. కొబ్బరి మట్టల ఆకులు పట్టుకుని పాడుతూ చర్చి గుమ్మం దాకా నడిచాం. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే సిస్టర్ దుర్గ ఫోన్ చేసింది. "మేడమ్, మీకు చెప్పాలనిపించింది. మీరాబీ గారి ఫిస్టులా క్లాట్ అయి మూసుకుపోయింది. రెండు సిట్టింగులు తప్పిపోయాయి, లంగ్స్‌లో నీరు చేరింది. మన దగ్గరే వార్డులో అడ్మిట్ చేశారు. కండిషన్ బాలేదు."

లోపలికి వెళ్ళి కూర్చున్నాను. పాప ఒప్పుకోలు ప్రార్థన అందరితోపాటు గడగడా చెప్పాను. ఎంత సుఖమో అది, అందరూ కలిసి ఒప్పుకుంటే ఎవరి పాపం ఏదో ఎవరికీ తెలియదు. మా వరస లేచింది. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే చోటికి నాకు ఇంకా నలుగురు ముందున్నారు. ముగ్గురయ్యారు. బలిపీఠం దగ్గర కానుక వదిలేసి ముందు వెళ్ళు అని మీరాబీ గారికి నేనే చెప్పిన మాట నాకు వినపడింది. ఆవిడ పోతే ఇక క్షమించడానికి మనిషే ఉండదు. భయమేసింది, ఎమర్జెన్సీలో గుండె ఆగబోయినప్పుడు కూడా అంత వెయ్యలేదు. వరసలోంచి తప్పుకుని బయటికి నడిచాను. మా ఆయన అటువైపు మగవాళ్ళ వరసలోంచి నోరు తెరుచుకుని చూస్తున్నారు. దొరికిన చెప్పుల్లో కాళ్ళు పెట్టి ఆటో ఎక్కాను.

వార్డులో మీరాబీ గారికి మెడలో క్యాథెటర్, ముక్కుకి ఆక్సిజన్. మనిషి సగమైపోయారు. పక్కన స్టూలు మీద హుస్సేన్ గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఇదేంటమ్మా, ఆకు పట్టుకొచ్చావు?" అన్నారు మీరాబీ గారు. చేతిలో మట్టాకు అలాగే ఉందని అప్పుడు చూసుకున్నాను.

కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. ఉపవాసం, బొండాలు, డబ్బా ఆఫీసులో పంచడం, తల ఊపడం. చెబుతున్నంతసేపూ ఒక కాలి మీంచి ఇంకొక కాలి మీదికి మారుతూనే ఉన్నాను. పరవాలేదమ్మా అంటారని లోపల ఆశ ఉండింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

"ఆ ముసలావిడతోపాటు నీ పేరు మీద ఇంకొకావిడకి కూడా రోజూ అన్నం పంపాను" అన్నారు. "నా చేతి మీదుగా ఒక ప్రాణం పోబోయింది కదా అని. పండగ నాడు కొత్తబట్ట కట్టుకోలేదు. ఈయన్ని వరండాలో నిలబెట్టి అంత మాట అన్నారు. అంత మాట నీ నోట ఎలా వచ్చింది సునందమ్మా?"

"నోటితో అనలేదండి. తల ఊపాను."

"అయితే ఇప్పుడు నోటితో చెప్పు. నాకు కాదు. ఎవరి ముందు ఊపావో వాళ్ళందరి ముందూ. అప్పుడు రా, క్షమించే సంగతి చూద్దాం."

అని కళ్ళు మూసుకున్నారు. హుస్సేన్ గారు స్టూలు నావైపు జరిపారు. నేను కూర్చున్నాను. ఆవిడ ఊపిరి వింటూ, అరగంట పైగా, కదలకుండా కూర్చున్నాను.

సాయంత్రం చూసుకుంటే నా కాళ్ళకున్నవి నా చెప్పులు కావు, చర్చికి తీసుకెళ్తే అవి ఎస్తేరమ్మ గారివని తెలిసింది. ఆవిడ పొద్దున వట్టికాళ్ళతో ఇంటికి వెళ్ళారట. చెప్పులు అందుకుని, "ఏమ్మా, ఈసారి నా కాళ్ళు వాచాయంటావా?" అన్నారు. నేను మెట్టు మీదే కూర్చుని ఏడ్చేశాను.

ఆ సాయంత్రమే మా ఆయనకి చెప్పాను. ఆయన అరవలేదు. చొక్కా వేసుకుని హాస్పిటల్‌కి వెళ్ళి, హుస్సేన్ గారి చేతులు పట్టుకుని క్షమించమని అడిగి వచ్చారు. ఆ తరవాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మంగళవారం సూదులు గుచ్చాక, ఇక లేచి పారిపోయే వీలు లేదనుకున్నాక, గదిలో అందరికీ వినపడేట్టు చెప్పాను. ఖర్జూరాలు నేను తినలేదు. నన్ను పడేసింది నా ఉపవాసం, నా కొబ్బరి బొండాలు. మీరాబీ గారు తినొద్దనే చెప్పారు. నేను అబద్ధమాడాను. కాంట్రాక్టరు గారు దుప్పటి సర్దుకున్నారు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారికి మళ్ళీ మొదట్నుంచి చెప్పాను.

ఆయన కోపంగానే అన్నారు. "డబ్బా చూసి కేసు క్లోజ్ చేసుకున్నాం మేడమ్. మీరు ఫాస్టింగ్‌లో ఉన్నారని తెలియకపోతే నేను మీ మందులు ఎలా ఎడ్జస్ట్ చేస్తాను? ఆ బొండాలు మళ్ళీ తాగి ఉంటే ఈసారి ఇక్కడిదాకా వచ్చేవారు కాదు." నోటీసు సిస్టర్ దుర్గ తనే చింపేసింది.

మీరాబీ గారు బతికారు. పది రోజులు పట్టింది. కుడిచేతికి కొత్త ఫిస్టులా వేశారు, అది పక్వానికి వచ్చాక పాత షిఫ్టుకే, నా పక్క బెడ్డుకే వచ్చారు. క్షమించానని ఒక్కసారి అన్నారు, మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు. అయితే ప్రతి మంగళవారం పడుకోగానే నావైపు తిరిగి, "ఈ రెండ్రోజులూ ఏం తిన్నావు? ఏం తాగావు?" అని అడుగుతారు. నేను పద్దు అప్పజెప్పాలి. తల ఊపితే ఒప్పుకోరు.

నా కిడ్నీలు తిరిగి రాలేదు. డయాలసిస్ సాగుతూనే ఉంది. కాళ్ళు ఇంకా ఊగుతాయి, మందు వేసుకున్న రోజు కాస్త తక్కువ. కుదురులేనితనం నాతోనే పుట్టింది, నాతోనే పోతుంది కాబోలు. మొదటి రెండు గంటలు ఆవిడ జపం, తరవాతి రెండు నా కీర్తనలు. దేవుని కుమారుడి దగ్గర ఇప్పటికీ ఆగిపోతాం. మనిషికి చేసిన తప్పు మనిషి దగ్గరే తీర్చుకోవాలన్న చోట మాత్రం మా ఇద్దరికీ ఏ తేడా లేదని నాకు బాగా తెలిసింది.

ఇది చదివే తోటి రోగులకి నేను చెప్పేది ఒక్కటే. ఏ మతం వారైనా, ఉపవాసం ఉండాలనిపిస్తే ముందు మీ డాక్టరుకి చెప్పండి. ఏం తిన్నారు, ఏం తాగారు అని ఆయన అడిగినప్పుడు, పక్కన ఎవరున్నా సరే, ఉన్నదున్నట్టు చెప్పండి.

ఈ ఏడాది కూడా రంజాన్ నెలలో మీరాబీ గారు నా సంచిలో ఖర్జూరాల డబ్బా పెట్టించారు. "మీ ఆఫీసువాళ్ళకి" అని, నా ముఖంలోకి చూస్తూ ఆగారు.

"నేను తిననండి" అన్నాను. గదిలో అందరికీ వినపడేట్టు, నోటితోనే.